వాకిటి మన్నుకొక వకాల్తా

"ఈ వయసులో మీకెందుకండీ ఈ శ్రమ?"

వేసవి వచ్చినదంటే ఈ ప్రశ్న నాకు రోజుకు రెండు మార్లయినా ఎదురవుతుంది. అడిగేవారందరూ నా మేలు కోరేవారే. పొరుగింటివారు అడుగుతారు, పూర్వ విద్యార్థులు అడుగుతారు, దూరదేశంనుంచి ఫోనులో కన్నకొడుకు అడుగుతాడు. నా చేతిలో నీళ్ల బకెట్టో, చీపురో, గునపమో కనబడితే చాలు, ఏదో అపచారం జరిగిపోతున్నట్లు కంగారుపడతారు. ఆ వెనుక వచ్చే మాట కూడా నాకు కంఠస్థమే. "వాకిలంతా టైల్స్ పరిపించండి, ఆ చెట్టు తీయించండి, ఏసీ వేసుకొని హాయిగా పడుకోండి."

ఈ సలహా తప్పని వాదించడానికే ఈ టపా వ్రాస్తున్నాను. మర్యాదకు లోటు రానీయను గాని, మెత్తగా మాత్రం వాదించను. మిత్రులు మన్నించాలి.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగు పంతులుగా బ్రతికినవాణ్ణి గనుక వాక్యం చెవిన పడగానే పదాలను విడదీసి చూడకుండా ఉండలేను. శ్రమ, విశ్రాంతి అనేవి రెండూ పాము ముంగిసల వలె బద్ధవిరోధులని లోకం నమ్ముతున్నది. నిజానికి రెండింటికీ ధాతువు ఒక్కటే. శ్రమించినవాని అలసట తీరడమే విశ్రాంతి. అసలు శ్రమే లేనివానికి కలిగేది విశ్రాంతి ఎట్లా అవుతుంది? దానికి జడత్వమని, సోమరితనమని, మా పల్లెల్లోనయితే ఇంకా ముతకగా వేరే పేర్లున్నాయి. ఇంకొక చిత్రం చూడండి. ఆశ్రమం అన్న మాట కూడా ఆ ధాతువు కడుపున పుట్టినదే. ఒళ్లు వంచి సాధన చేసే చోటు గనుక అది ఆశ్రమం. ముసలివారిని కదలనీయకుండా కూర్చుండబెట్టడమే సేవ అనుకొనే చోటికి మనవాళ్లు వృద్ధాశ్రమమని పేరు పెట్టుకొన్నారు. వ్యాకరణం కూడా నవ్వుతుంది.

ఆశ్రమమన్నప్పుడు శకుంతల గుర్తుకు రాక తప్పదు. కాళిదాసు నాటకంలో ఆమె మనకు మొట్టమొదట కనబడేది చెలికత్తెలతో కలిసి మొక్కలకు నీళ్లు పోస్తూ. ఆ నాటకం తెర తీసేది కూడా గ్రీష్మారంభంలోనే. సూత్రధారుడు నటిని పాడమని అడిగేది వేసవిని గురించే. నీకంటె ఈ చెట్లంటేనే మీ నాన్నకు ప్రేమ ఎక్కువలా ఉన్నదని చెలికత్తె హాస్యమాడితే, తండ్రి చెప్పాడని మాత్రమే కాదు, వీటిమీద నాకూ తోబుట్టువుల మీద ఉండేపాటి మమకారమున్నదని శకుంతల బదులు చెబుతుంది. పని ఆమెకు బరువు కాలేదు. బరువైనది ఎవరికయ్యా అంటే, చెట్టుచాటున నిలిచి చూస్తున్న దుష్యంతునికి. ఇంత సుకుమారికి ఇటువంటి పని అప్పగించాడేమిటి ఈ ఋషి అని ఆయన లోలోపల కణ్వుణ్ణి తప్పుపడతాడు. నన్ను చూసి జాలిపడే మా వీధివారందరూ ఆ దుష్యంతుని వంశంవారేనని నా అనుమానం. ఈ కథను తెలుగులో శృంగార శాకుంతలముగా వ్రాసిన 15వ శతాబ్ది కవి పిల్లలమర్రి పినవీరభద్రుణ్ణి, మా సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రివాడేనని మేము గర్వంగా చెప్పుకొంటాము. ఆ ఊరి పేరులోనే ఒక చెట్టు ఉన్నది. ఇక మా ఊరికి భానుపురి అని పాత పేరు. సూర్యుణ్ణి పేరులో పెట్టుకొన్న ఊరివాళ్లు వేసవి నాలుగు నెలలూ కిటికీలు బిగించుకొని ఉండవలసిందేనా?

ఉద్యోగరీత్యా మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మూడు ఊళ్ల వీధులూ కాలినడకన తిరిగినవాణ్ణి. మా మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇంకా 9వ నంబరుగా ఉన్న కాలంనుంచి ఎరుగుదును. ఇంటి ముందు మట్టి వాకిలి, ఒక వేపో నిమ్మో, ఒక మల్లెపొద, గోడవారగా చారెడు పుంటికూర మడి (గుంటూరువైపు మిత్రుల కోసం చెబుతున్నాను, మీ గోంగూరే మా పుంటికూర) ఉండేవి. అది కలవారి వైభవమేమీ కాదు. గుమాస్తా ఇంటిముందూ అదే, హమాలీ ఇంటిముందూ అదే. ఇప్పుడు ఆ ఊళ్ల కొత్త కాలనీలలోకి వెళ్లి చూడండి. 150 గజాల స్థలంలో అంగుళం వదలకుండా ఇల్లు. ముందర మిగిలిన జాగాలో గేటునుంచి గడపదాకా పార్కింగ్ టైల్స్. రోడ్డు సిమెంటు, గేటుముందు ర్యాంపు సిమెంటు, ప్రహరీ సిమెంటు. తులసమ్మకు సైతం నేల దక్కలేదు. పింగాణీ బిళ్లలు తాపిన కోటపైన గుప్పెడు మట్టిలో ఒంటికాలిమీద నిలబడుతుంది. సాన్పి చల్లడానికి చోటు లేక ప్లాస్టిక్ ముగ్గు అంటించిన ఇళ్లు కూడా నాకు తెలుసు.

సిమెంటు మాకు పరాయిది కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి, ఈ కృష్ణా తీరమంతా సున్నపురాతి నేల. ఎన్నో కుటుంబాలు సిమెంటు కర్మాగారాల మీద అన్నం తింటున్నాయి. నా దగ్గర చదువుకొన్నవారే వాటిలో పనిచేస్తున్నారు. సిమెంటుతో గోడ కట్టండి, కప్పు వేయండి, వంతెన కట్టండి. ఊపిరి పీల్చే నేల ముక్కుమీద ఎందుకు పోస్తారన్నదే నా తగాదా.

ఇక ఎదుటివారి వాదాలు. ఉన్నవి చాలా బలమైనవని వారి నమ్మకం. ఒక్కొక్కదాన్నీ ముట్టుకొని చూస్తాను.

మట్టి ఉంటే దోమలట. డెంగీ దోమ గ్రుడ్లు పెట్టేది కదలని మంచినీటిలో. అది మీ ఎయిర్‌కూలర్ తొట్టిలో ఉన్నది, మేడమీద పాత టైరులో ఉన్నది, టైల్సు నడుమ ముచ్చట కోసం పెట్టిన పూలకుండీ క్రింది పళ్లెంలో ఉన్నది. పోసిన నీటిని పది నిముషాలలో త్రాగివేసే మట్టిలో లేదు. కాలు జారుతుందట. తడిసిన మట్టిమీద అడుగు అంటుకొంటుంది. జారేది తడిసిన టైలు మీద. ఈ వయసులో తుంటి ఎముక విరిగి మంచాన పడిన నా ఈడువారి కథలు వినండి. స్నానాలగది, వరండా టైల్సు, మెట్లు, ఇవే వినబడతాయి. పాదుల మధ్య పడ్డవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కారు పెట్టుకోవడానికి చోటు కావాలట. చక్రాలు పోయేమేర రెండు వరుసలు బండలు పరిచి, నడుమా పక్కలా మట్టి వదిలివేస్తే కారుకేమి బాధ? ఈ ఉపాయం ఏ మేస్త్రీనడిగినా చేసిపెడతాడు, ఖర్చూ తగ్గుతుంది. వేపచెట్టు సింహద్వారానికి ఎదురుగా ఉండరాదన్న వాస్తు మాట ఒకటి ఉన్నది. చెట్టు పడమటనుంచి వచ్చే ఎండను ఆపుతున్నదా లేదా అన్నది నాకు ముఖ్యం. ఆ తరువాత శాస్త్రం సంగతి నేనే చూసుకొంటాను.

ఒక్క వాదానికి మాత్రం తలవంచాలి. అది మా ఇంటావిడ వాదం. "మట్టి వాకిలి బాగుంటుందని మీరు పద్యాలు చదువుతారు. రోజూ ఆకులు ఊడ్చేదెవరు, దుమ్ము తుడిచేదెవరు?" ఈ ప్రశ్నకు ఏ కవీ సమాధానం చెప్పలేదు. తరతరాలుగా మట్టి వాకిలి అందం మగవాడికి, చాకిరి ఆడదానికి. వేపపూత రాలే రోజుల్లో వాకిలి రోజుకు రెండుసార్లు ఊడ్చవలసి వస్తుంది. అందుచేత మా ఇంట ధర్మం ఒక్కటే: మట్టి కావాలన్నవాడే చీపురు పట్టాలి. తెల్లవారుజామున అయిదింటికి నా పని అదే. పెన్షను తీసుకొంటూ, పేపరు చదువుకొంటూ, భార్య ఊడ్చిన వాకిట్లో కుర్చీ వేసుకొని "పాతకాలపు ఇల్లే ఇల్లండీ" అనే పెద్దమనుషులకు ఈ తగాదాలో నా పక్షాన నిలబడే అర్హత లేదు. వారు అవతలి పక్షానికి పోవచ్చు, టైల్సు వేయించుకోవచ్చు.

ఆ పెద్దమనుషుల ప్రసక్తి వచ్చినది గనుక ఇంకొక నాలుగు మాటలు. "ఆ రోజులే వేరు" అని వ్రాసేవారు మన తెలుగు బ్లాగ్లోకంలోనూ తక్కువేమీ లేరు. వారి టపాలలో బావినీరు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, అమ్మమ్మ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఆ బావిలో మే నెలకు నీరు అడుగంటితే గుండెలోతు చేదతాడు లాగి అమ్మమ్మ అరచేతులు కాయలు కాచిన సంగతి మాత్రం ఉండదు. మా పాత నల్లగొండ జిల్లా వేసవిని కీర్తించేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పడమటి మండలాలలో భూగర్భజలంలోని ఫ్లోరైడు ఎముకలను వంచివేసింది. ఆ నీటిని పటిక, సున్నం వేసి శుద్ధిచేసే పద్ధతికి శాస్త్రజ్ఞులు నల్లగొండ పద్ధతి అని మా జిల్లా పేరే పెట్టవలసి వచ్చిందంటే మా బావినీటి సొంపు ఎటువంటిదో ఊహించండి. మిర్యాలగూడ, కోదాడ పొలాలకు పచ్చదనం 1967లో నాగార్జునసాగరం కాలువలకు నీరు వదిలిన తరువాత వచ్చినది. అంతకుముందు పెద్దలు వేసవిని ఎట్లా దాటేవారో వారినోటనే విన్నాను. కాబట్టి నేను పాతరోజులను వెనుకకు రమ్మనడం లేదు. నాకు కుళాయి కావాలి, ఫ్యాను కావాలి, నడిమధ్యాహ్నం ఒక గంట ఏసీ కూడా కావాలి. నిన్నటికంటె ఈనాటి వేసవే ముసలివాడికి సుఖమైనది కాగలదు. అది కాకుండా అడ్డుపడుతున్నది వాకిట పరిచిన ఆ నాలుగంగుళాల గచ్చు ఒక్కటే.

నేనేమి పోగొట్టుకోనని ఇంత మొండిపట్టు పడుతున్నానో చెప్పాలి గదా.

మల్లెనే తీసుకోండి. మార్గశిర పుష్యాలలో దానికి నీళ్లు కట్టివేసి, ఆకు దూసి, కొమ్మలు కురచగా కత్తిరించి, ఎండుపుల్లలలాగా వదిలివేయాలి. చూసినవారు చచ్చిపోయినదనుకొంటారు. ఫాల్గుణంలో పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టడం మొదలుపెడితే పదిహేను ఇరవై రోజులకు చిగురు, చైత్రానికి మొగ్గ. ఊరంతా వాడిపోయే కాలంలో అదొక్కటే విరగబూస్తుంది. ఎండ ముదిరినకొద్దీ దానికి ఉత్సాహం. వయసు మళ్లినవాడు ఈ మొక్క దగ్గర రోజూ పావుగంట నిలబడితే చాలు, ఏ ఉపన్యాసమూ వినవలసిన పని లేదు. సాయంత్రం అయిదున్నరకు మొగ్గలు కోసి తడిగుడ్డలో వేస్తే, దీపాలు పెట్టే వేళకు విచ్చుకొంటాయి. రెండు మూరల దండ అవుతుంది. ఒక మూర ఇంటావిడకు, ఒక మూర మా వీధిలోనే కిరాణా దుకాణం నడిపే అమ్మాయికి. మూర ధర వినడానికి నేను బజారుకు పోనక్కరలేదు.

నీళ్లు పోయడం ఒక విద్య. పగలు పోస్తే సగం ఆవిరవుతుంది. తెల్లవారకముందో ప్రొద్దుగూకిన తరువాతనో పోయాలి. పాదు చుట్టూ ఎండుటాకులు కప్పి ఉంచాలి; ఊడ్చిన వేపాకును తగులబెట్టేవారిని చూస్తే నాకు కడుపు మండుతుంది. నిమ్మచెట్టు పక్కన ఒక మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టాను. కుండగోడలగుండా చెమ్మ ఊరి వేళ్లకు అందుతుంది, మూడు రోజులకొకసారి నింపితే సరిపోతుంది. బియ్యం కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, స్నానపు నీరు అన్నీ పాదులకే. లెక్క చూశాను, మా మొక్కలన్నిటికీ కలిపి రోజుకు ఎనిమిది బకెట్లు మించదు; అందులో అయిదు ఇంట్లో వాడి పారబోయవలసినవే. టైల్సు వేయించిన ఎదురింటివారు దుమ్ము కడగడానికి ప్రతి ఉదయం పైపు పెట్టి మురికికాలువలోకి వదిలే నీరు ఇంతకంటె ఎక్కువ. నీళ్లు వృథా చేస్తున్నానని నాకు బుద్ధి చెప్పినదీ వారే!

ప్రొద్దువాలి, నీళ్లు పోయడం ముగిసి, కాలిన నేల తడి పీల్చుకొనేటప్పుడు లేచే వాసన ఉన్నదే, దానికి నిఘంటువులో మాట వెదికి విసిగిపోయాను. మట్టివాసన అంటే సరిపోదు. అది వాన వాసన కాదు, మనం చేతులారా చేసుకొన్న వాసన. ఆ తడిమీదనుంచి గాలి వస్తే నడుము వాల్చడానికి నవారు మంచం ఉంటుంది. పైన వేపకొమ్మలు. రంజన్‌లోని నీళ్లు ఒక చెంబు. ముంజలు దొరికిన రోజయితే ఆరు ముంజలు. మా జిల్లా తాటిచెట్ల జిల్లా, ఏప్రిల్ మే నెలల్లో రోడ్డుపక్కన గెలలు గెలలుగా కొట్టి పెడతారు. రాత్రి తొమ్మిదింటికి టైల్సు వాకిలి మీద చెయ్యి పెట్టి చూడండి, పగలు మింగిన ఎండనంతా కక్కుతూ పెనంలాగా ఉంటుంది. మట్టి వాకిలి అప్పటికే చల్లబడి ఉంటుంది. ఇది కవిత్వం కాదు. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుందని ఏడవ తరగతి సామాన్యశాస్త్రం చదివిన పిల్లవాడు కూడా చెబుతాడు. చెట్టు ఆకులద్వారా చేసే పనీ అదే. మీ ఏసీ చేసేది గదిలోని వేడిని తీసి పక్కింటివాడి కిటికీలోకి పంపడం.

ఎండను తేలికగా తీసుకోమని నేను చెప్పడం లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు, అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఎక్కువగా కూలికి పోక తప్పనివారు, గూడు లేనివారు, ముసలివారు. వారిముందు ఎండ సుఖాల గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. వయసు పెరిగినకొద్దీ దూప తెలియడం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. అందుచేత దాహం వేసినా వేయకపోయినా గంటకొక గ్లాసు చల్లనో నీరో త్రాగుతాను, పదకొండింటినుంచి నాలుగున్నరదాకా గడప దాటను. నా తగాదా ఆ మధ్యాహ్నం గురించి కాదు. రోజులో మిగిలిన గంటలను కూడా గదిలోకే తోసివేయడం గురించి. 2015లో ఊపిరి నిలిపినవి చెట్టునీడలే అయినప్పుడు, ఆ అనుభవంనుంచి మనం నేర్చుకొన్నది చెట్టు కొట్టి యంత్రం బిగించుకోవడమా? యంత్రం కొనలేనివాడు, ఆ వీధిలో తోపుడుబండి నడిపేవాడు ఎక్కడ నిలబడాలి?

చెట్టు కొట్టడానికి మనవాళ్లకు సాకు దొరికితే చాలు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు ఉన్నట్టుండి కొమ్మల చివరలనుంచి మాడుకుంటూ రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. శిలీంధ్రంవల్ల వచ్చే డైబ్యాక్ తెగులు అన్నారు. చెట్లు తిరిగి చిగురిస్తాయి, నరకవద్దు అని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పారు. మా వీధిలో ఎవరు విన్నారు? మావైపు ముగ్గురు వెంటనే రంపం పిలిపించారు. నాకూ చెప్పారు, "పంతులుగారూ, చచ్చిన చెట్టు ఇంటిముందు అరిష్టం" అని. ఒక ఆకు కూడా లేకుండా నిలబడ్డ చెట్టును చూస్తే గుండె చెరువయిన మాట నిజమే. ఎండిన చివరలు కోయించి ఊరకున్నాను. మరుసటి వేసవికి చిగురు తొడిగింది. ఇప్పుడు దానిమీద కోయిలలు, గోరువంకలు, ఉడుతలు సంసారాలు చేస్తున్నాయి. పళ్లు పండే రోజుల్లో వాటి గోలకు రేడియో వినబడదు. కొట్టించిన ముగ్గురిలో ఒకాయన సాయంత్రం మా వాకిట్లోకే వచ్చి కూర్చుంటాడు. నేనేమీ అనను. కుర్చీ వేస్తాను.

చట్టాలు లేక కాదు. చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నది. పురపాలక సంఘాలు తమ బడ్జెట్టులో పదోవంతు పచ్చదనానికి కేటాయించాలని 2019 నాటి తెలంగాణ మునిసిపల్ చట్టం చెబుతున్నది. రోడ్డు నడుమ డివైడరులో పూలమొక్కలకు ట్యాంకరుతో నీళ్లు పోస్తున్నారు, సంతోషం. కాని ఒక ముప్పై ఏళ్ల వేప ఇచ్చే నీడకు డివైడరులోని ఎన్ని మొక్కలు సాటి వస్తాయి? ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడు చుట్టూ విడవవలసిన జాగాను కొలుస్తారు గాని, ఆ జాగాలో నేల కనబడుతున్నదా లేదా అని చూసినవారిని నేనెరుగను. 2024 సెప్టెంబరు 1న కోదాడ వీధులలో నీరు ఎట్లా పారినదో లోకమంతా చూసింది. అంతటి వానకు మట్టి వాకిళ్లు ఆనకట్ట వేస్తాయని నేను చెబితే అది అబద్ధం. కాని మామూలు వానకు కూడా ఇంటినుంచి వీధికి, వీధినుంచి మోరీకి నీరు ఉరకవలసి రావడం ఏమిటి? పడిన చోటనే ఇంకే వీలును మన చేతులతో మనమే మూసివేశాము. మూసివేసి, బోరులో నీరు లేదని మరో వంద అడుగులు దింపుతున్నాము.

అన్నిటికంటె నాకు నవ్వు తెప్పించేది మరొకటి. ఇంటిముందరి ఆరడుగుల మట్టిని పూడ్చినవారే, ప్రకృతి ఒడిలో శేషజీవితం అనే రంగురంగుల కాగితం చూసి, హైవే పక్కన ఫామ్ ప్లాటు కొంటున్నారు. అక్కడ నలుగురు మనుషులు నాటిన మొక్కల నడుమ ఆదివారం ఒక పూట ఫోటోలు దిగి, రాత్రికి తిరిగి వచ్చి టైల్సు కడుగుకొంటారు. పడకమంచానికి ఇరవై అడుగుల దూరంలో కాలు పెట్టడానికి మట్టి ఉండవలసిన వయసులో, ముప్పై కిలోమీటర్ల దూరాన మట్టి పెట్టుకొన్నారు. డెబ్బై దాటిన తరువాత అక్కడికి ఎవరు తీసుకుపోతారో వారే చెప్పాలి.

మా అబ్బాయి మొన్న మళ్లీ ఫోను చేశాడు. "నాన్నా, నేను వచ్చేలోపల వాకిలి పని చేయించండి, డబ్బు పంపుతాను" అన్నాడు. "డబ్బు పంపు నాయనా, గేటునుంచి చక్రాలమేర రెండు వరుసలు బండలు పరిపిస్తాను, నీ కారు నిలుస్తుంది. మిగిలిన పైకంతో పడమటి గోడవార రెండు మునగచెట్లు, ఒక సన్నజాజి పందిరి" అన్నాను. కొంతసేపు మాట లేదు. తరువాత, "పందిరి ఎంత ఎత్తు వేయిస్తారు?" అని అడిగాడు. వాడికి చిన్నప్పుడు జాజిపందిరి క్రింద మంచం వేసేవాళ్లం. పట్టుబట్టి లెక్కలు అక్కడే చదివేవాడు.

మృగశిర వెళ్లి నాలుగు వానలు పడగానే మల్లెకు నేలంట్లు తొక్కుతాను. వేరు పట్టడానికి రెండు నెలలు తీసుకొంటుంది. పుంటికూర గింజలు, ఎర్రతొడిమవి, డబ్బాలో బూడిద కలిపి ఉంచాను. సూర్యాపేట మీదుగా పోయే మిత్రులు ఎవరైనా దిగితే తీసుకుపోవచ్చు. ఒక్కటే షరతు, కుండీలో వేస్తానంటే ఇవ్వను.